అడవి రంగు – తోలు పని
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకునే చోట తోలుకు రంగు వేయడం గురించి ప్రసంగమేమిటని మీకు అనిపించవచ్చు. నా సర్వీసులో ఎక్కువ భాగం ఖమ్మం, భద్రాచలం మధ్య అడవి గ్రామాల్లో, అటవీ ఉత్పత్తుల తూకం దగ్గరే గడిచింది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. హద్దులు మారాయి గాని అడవి అదే. ఆ అడవి విషయంలో నేను చేసిన ఒక పొరపాటు మీ ముందు చెప్పుకోవాలనే ఈ అంశం ఎంచుకున్నాను.

పచ్చి తోలు రెండు రోజుల్లో కుళ్ళిపోతుంది. సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క నీళ్ళలో రోజుల తరబడి ఊరవేస్తే అది కుళ్ళని తోలుగా మారుతుంది. చెక్కలోని వగరు ద్రవ్యం, అంటే టానిన్, చేసే పని ఇది. ఊరవేసే గుంటను మన పల్లెల్లో లంద అంటారు. ఆ వాసనకు ముక్కు మూసుకున్నవాళ్ళమే గాని, అక్కడ జరిగే రసాయన విద్యను గౌరవించినవాళ్ళం తక్కువ.

ఆ వగరులోనే రంగుకు ఆధారం కూడా ఉంది. కరక్కాయ పొడి కషాయం పట్టించిన తోలుపై ఇనుప నీళ్ళు పూస్తే క్షణాల్లో నల్లబడుతుంది. తుప్పు పట్టిన మేకులు, బెల్లం నీళ్ళలో వేసి కొన్నాళ్ళు పులియబెడితే ఆ ఇనుప నీళ్ళు తయారవుతాయి. కలంకారీ వారి నలుపు కూడా ఈ సూత్రం మీదే వస్తుంది. కామునిపున్నమికి పిల్లలు ఉడకబెట్టే మోదుగపూలతో పసుపు, నారింజ ఛాయలు వస్తాయి. ముందుగా పటిక నీళ్ళు పట్టిస్తే రంగు బాగా అంటుతుంది. చండ్ర చెట్టు కాచుతో గోధుమ రంగు వస్తుంది.

చేసి చూసేవారికి నాలుగు జాగ్రత్తలు. రంగు నీళ్ళు గోరువెచ్చగా అయ్యాకనే తోలు ముంచాలి. మరిగే నీళ్ళలో వేస్తే ముడుచుకుపోతుంది. ఇనుము ఎక్కువైతే కొన్నాళ్ళకు తోలు పెళుసెక్కి పగులుతుంది. నీడలో ఆరబెట్టి, కొద్ది తడి ఉండగానే నూనె రాయాలి. మోదుగ పసుపు ఎండకు వెలుస్తుంది కనుక, ముందు ఒక ముక్కను సగం కప్పి వారం రోజులు ఎండలో ఉంచి చూసుకోవాలి.

నేడు ప్రపంచంలో అధిక భాగం తోలు క్రోమియం లవణాలతో పదునవుతోంది. పని త్వరగా అవుతుంది, తోలు మెత్తగా ఉంటుంది. కాని తోళ్ళ పరిశ్రమల వ్యర్థ జలాలు తమిళనాట పాలారు నదిని ఏం చేశాయో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. హానికరమైన అమైన్లను విడుదల చేసే కొన్ని ఎజో రంగులను జర్మనీ 1994లో నిషేధించింది. తరువాత మన దేశమూ అలాంటి రంగులను నిషేధించింది. అంతమాత్రాన చెట్టు రంగు అన్నంత మాత్రాన నిరపాయమని కాదు. లంద నీళ్ళు కిన్నెరసానిలో వదిలితే అవీ నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. చేపలకు మన సదుద్దేశంతో పని లేదు.

ఇక నా పొరపాటు. ఒక ఏడాది చెక్కకు గిరాకీ పెరిగింది. మోపులు వచ్చినకొద్దీ తూకం వేయించాను, రశీదులు రాశాను. ఆ మోపుల్లో నల్లమద్ది చెక్క ఉన్నదీ చూశాను. అది ఎలా తీశారని అడగలేదు. మరుసటి వేసవిలో అటు వెళితే, మొదలు చుట్టూరా చెక్క వలిచిన మద్దిచెట్లు నిలువునా ఎండి కనిపించాయి. నా వెంట ఉన్న, లంద పని చేసే పెద్దాయన ఒకటే మాటన్నాడు. "సారూ, మేం తంగేడు కొమ్మ నరుకుతం, మోడు ఉంచుతం. వానకు మళ్ళీ చిగురిస్తది. దీన్ని ఇట్ల వలిస్తే ఇంకేం చిగురిస్తది?"

నా రిజిస్టరులో బరువు గడి ఉంది, ధర గడి ఉంది. చెట్టు బతికిందా అనే గడి లేదు. అడిగి రాసుకోవడానికి నాకెవరూ అడ్డు చెప్పలేదు కూడా.

సహజ రంగులన్న మాటకు ఈ రోజుల్లో గిరాకీ ఉంది. గిరాకీ పెరిగితే మళ్ళీ అదే జరగవచ్చు. కనుక రాలిన కరక్కాయ, రాలిన మోదుగపువ్వు, తిరిగి చిగురించే తంగేడు కొమ్మ వీటితోనే ముందు పని సాగాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిరు అటవీ ఉత్పత్తులు సేకరించి అమ్ముకునే హక్కును అడవిలో బతికేవారికి గుర్తించింది. రంగుకు ధర వస్తే ఏరిన కోయ మహిళకూ, లంద తెలిసిన పనివానికీ అందులో న్యాయమైన వాటా దక్కాలి.

మనలో పలువురికి ఆ ఊళ్ళు తెలుసు, రిజిస్టర్లు రాసిన చేతులున్నాయి. వచ్చే కరక్కాయ కాలంలో నలుగురం కలిసి వెళదాం. పెద్దల అనుమతితో ఒక పుస్తకంలో రాద్దాం: చెట్టు పేరు, వాడే భాగం, సేకరించే నెల, రంగు కట్టే విధానం, చెప్పినవారి పేరు. చివరి గడిలో చెట్టు తిరిగి చిగురించిందో లేదో. ఆ గడి నింపడానికి మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళవలసి ఉంటుంది. ఆరోగ్యం సహకరిస్తే నేను వస్తాను.