చివరి పాటలో మూడు గిటార్లు

బీటిల్స్ చివరి ఆల్బమ్ ఏది? ‘లెట్ ఇట్ బీ’ అంటారు చాలామంది. 1970లో ఆఖరున విడుదలైంది అదే. కానీ అందులో చాలా భాగం అంతకు ముందే రికార్డయింది. నలుగురూ కలిసి ఆఖరుగా చేసిన ఆల్బమ్ ‘అబ్బీ రోడ్’.

అప్పటికే వాళ్ల మధ్య పొరపొచ్చాలు ముదిరాయి. డబ్బు వ్యవహారాలు ఎవరు చూడాలన్న దగ్గరే గొడవ. అయినా పాల్ మెకార్ట్‌నీ వెళ్లి, ఇంకో ఆల్బమ్ చేద్దామని నిర్మాత జార్జ్ మార్టిన్‌ని అడిగాడు. మునుపటిలా పనిచేస్తామంటేనే వస్తానన్నాడాయన.

సరేనన్నారు. చేశారు కూడా!

ఆ ఆల్బమ్‌లోని ‘ది ఎండ్’ పాట వినండి. డ్రమ్ సోలో అంటే గిట్టని రింగో స్టార్ అందులో ఒంటరిగా డ్రమ్స్ వాయించాడు. ఆ తర్వాత గిటార్లు. ముందు పాల్, వెంటనే జార్జ్ హారిసన్, ఆపైన జాన్ లెనన్. ఒకరు వదలగానే ఇంకొకరు అందుకుంటారు. మళ్లీ పాల్, మళ్లీ జార్జ్, మళ్లీ జాన్. మాటలు కుదరని మనుషులు తీగల మీద ఎంత ముచ్చటగా పలకరించుకున్నారో!

అట్ట మీది ఫొటో లండన్‌లో స్టూడియో బయటే తీశారు. పోలీసు ట్రాఫిక్ ఆపాడు, ఫొటోగ్రాఫర్ నిచ్చెనెక్కాడు. నలుగురూ వరసగా రోడ్డు దాటారు. పాల్ కాళ్లకు చెప్పుల్లేవు.

ఆఖరున విడుదలైంది ‘లెట్ ఇట్ బీ’. ఆఖరున తయారైంది ‘అబ్బీ రోడ్’. 1969 సెప్టెంబరులో అది బయటికొచ్చేసరికి, తాను వెళ్లిపోతున్నానని జాన్ బృందంలో చెప్పేశాడు. బయటివాళ్లకి మాత్రం ఆ కబురు తెలియదు.