యాత్రికుల డబ్బు మన ఊళ్ళో ఆగాలంటే



మాఘమాసంలో అంతర్వేది నరసింహస్వామి కల్యాణం చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. చాలామంది నరసాపురంలో రైలో బస్సో దిగి, మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి అవతల సఖినేటిపల్లి వెళ్తారు. కార్తీకమాసం ఆదివారాల్లో పేరుపాలెం సముద్రతీరం కిటకిటలాడుతుంది. ఇంతమంది మన గడప ముందు నుంచే వెళ్తున్నారు. వాళ్ళు పెట్టే ఖర్చులో మన ఇళ్ళకు చేరేది ఎంత? కొనేది నీళ్ళ సీసా, చిప్స్ ప్యాకెట్టు. అవి ఎక్కడో తయారైన సరుకు. మనకు మిగిలేది చెత్త.

టూరిజం అంటే తిరుపతి, విశాఖ, అరకు అనుకుంటాం. కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద కాకినాడ, హోప్ ఐలండ్, కోనసీమ కలిపి ఒక సర్క్యూట్ మంజూరు చేసింది. 2024లో రాష్ట్రం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. మంచిదే. కానీ రోడ్డు, రిసార్టు వచ్చినంత మాత్రాన మన చేతికి పైసా రాదు. అక్కడ అమ్ముడయ్యేది మన సరుకైతేనే వస్తుంది.

కేరళలో కుమరకం అనే ఊరుంది. అక్కడ పంచాయతీ, టూరిజం శాఖ, కుటుంబశ్రీ మహిళా సంఘాలు కలిసి, ఊళ్ళో పండిన కూరగాయలు హోటళ్ళు కొనేలా 2008లో ఏర్పాటు చేసుకున్నాయి. 2013కి గాను ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ పనికి అవార్డు ఇచ్చింది. వాళ్ళూ మనలాగా పొదుపు చేసుకునే ఆడవాళ్ళే.

మనకు లేసు ఉంది. మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ 1982లోనే నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద పుస్తకం రాశారు. లేసు విదేశాలకు పోతున్నా, అల్లేవాళ్ళని ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాళ్ళ కింద లెక్కేసి తక్కువ కూలి ఇస్తున్నారని చూపించారు. ఇప్పటికీ చేతిపని ఒకరిది, అతుకుపని ఒకరిది, ధర చెప్పేది మాత్రం ఏజెంటు. 2024లో మన లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తు వాడుకోవాలంటే వాడుకదారులుగా నమోదు కావాలి. కాకపోతే పేరు మనది, లాభం ఇంకొకరిది.

అందుకని ఈ సభలో మూడు పనులకు తీర్మానం చేయమని కోరుతున్నాం.

ఒకటి, ప్రతి గ్రామ సమాఖ్య నుంచి లేసు అల్లే సభ్యుల జాబితా తీసి నమోదు పని మొదలుపెట్టాలి.

రెండు, వచ్చే కల్యాణానికి రేవు దగ్గర సమాఖ్య స్టాలు పెట్టాలి. లేసుతో పాటు కొబ్బరి లౌజు, పచ్చళ్ళు ఉండాలి. ప్రతి లేసు ముక్కకూ అల్లడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసి ధర చీటీ కట్టాలి. అది చదివాక బేరం ఆడేవాళ్ళు కూడా ఆలోచిస్తారు.

మూడు, దిండి రిసార్టుల వాళ్ళను కలిసి కూరగాయలు, చేపలు మన దగ్గర కొనమని అడగాలి.

రెండు జాగ్రత్తలు. పండగ నాలుగు రోజులే. ఆ ఆశతో పెద్ద లోను ఎత్తొద్దు, సంఘం అంతర్గత నిధితోనే మొదలుపెడదాం. ఇంకోటి, స్టాల్లో టౌను సంఘాలే కూర్చోకూడదు. డబ్బంతా పెద్ద ఊళ్ళకే పోతోందని మనమే అంటున్నాం. అదే మన సమాఖ్యలో జరిగితే ఏం చెబుతాం? మూలనున్న ఊళ్ళకూ వంతు రావాలి. వంతుల పట్టిక ముందే గోడకు అంటించాలి.

తీర్మానానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.