కుశల ప్రశ్నలూ, మా ఇంటి కుక్కా
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"చాలా కాలానికి వస్తున్నారు. మీ కుటుంబం గురించీ, ఉద్యోగం గురించీ నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శిగారు ఫోను చేశారు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు భాష గురించీ సంస్కృతి గురించీ చక్కగా సెలవిచ్చారు. వారు చెప్పినదానికి కలిపే శక్తి నాకు లేదు. కనుక మా ఇంట్లో పదమూడేళ్ళు ఉన్న ఒక కుక్క గురించి మాట్లాడతాను. నవ్వినా ఫరవాలేదు. మా ఇంటి సంగతులన్నీ దాని వెనకాలే వస్తాయి.

మన వాళ్ళం నలుగురం కలిస్తే కుశల ప్రశ్నలు ఎలా వేసుకుంటామో మీకు తెలుసు. ఎక్కడ పని, అబ్బాయి ఏం చదువుతున్నాడు, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా, ఇల్లు ఎక్కడ కొన్నారు. ఈ నాలుగింటికీ జవాబులు చెప్పుకుని ప్లేట్లు పట్టుకుని భోజనాల దగ్గరికి వెళ్ళిపోతాం. ఆ ఇంట్లో మనుషులు ఎలా ఉన్నారో మాత్రం ఇద్దరికీ తెలియదు. ఇంట్లో కుక్క ఉంటే ఆ లోగుట్టు బయటపడుతుంది. పొద్దున్నే దాన్ని ఎవరు తిప్పుతున్నారు, పగలంతా దాని దగ్గర ఎవరుంటున్నారు, ఎవరి అడుగుల చప్పుడు వినగానే అది లేచి గుమ్మం దగ్గరికి పోతుంది – ఇవి చూస్తే చాలు, ఆ ఇంటి పరిస్థితి తెలిసిపోతుంది.

నేను పెళ్ళయి 1984లో మిషిగన్ వచ్చాను. ఆసుపత్రి లాబొరేటరీలో రక్త పరీక్షల విభాగంలో చాలా ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేసి 2022లో రిటైరయ్యాను. మావారు కార్లకు విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. మాకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. 2006లో అమ్మాయి పట్టుబట్టగా, జంతువుల సంరక్షణ శాలనుంచి మూడు నెలల లాబ్రడార్ మిశ్రమ జాతి పిల్లను తెచ్చుకున్నాం. తెచ్చింది భోగినాడు కాబట్టి 'భోగి' అని పేరు పెట్టాం.

మరుసటి ఏడు మా అత్తగారు ఇక్కడికి వచ్చారు. ఆవిడ పుట్టిల్లు కైకలూరు దగ్గర పల్లె. మడీ ఆచారం ఉన్న మనిషి. "ఇంట్లో కుక్కేమిటే!" అన్నారు. తగవు పెట్టుకోలేదు గాని వంటింటి గుమ్మం దగ్గర ఒక ముగ్గు గీత గీశారు. భోగి నెల రోజుల్లో ఆ గీత సంగతి గ్రహించింది. గీతకు ఇవతల ముందు కాళ్ళు చాపుకుని పడుకునేదే కాని, ఎవరూ పిలవకుండా లోపలికి అడుగు పెట్టలేదు. ఆవిడ కూడా మెల్లిగా మెత్తబడ్డారు. చిన్నప్పుడు కొల్లేటి ఒడ్డున బాతుల మందల వెంట తిరిగే జోనంగి కుక్కల కబుర్లు చెప్పటం మొదలుపెట్టారు. పొట్టి వెంట్రుకలతో నున్నగా ఉంటాయట, నుదుటిమీద ముడతలుంటాయట, మామూలు కుక్కల్లా మొరగకుండా రాగం తీస్తాయట. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు పెరిగి బాతుల మేపకం తగ్గాక ఆ జాతి కూడా అరుదైపోయింది. మన తెలుగు నేలకు సొంతమైన కుక్క జాతి ఒకటుందని మా పిల్లలకు తెలిసింది ఆవిడ నోటి వెంటనే.

ఇంకొక లాభం కూడా కలిగింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కుక్కతో అన్నీ తెలుగులోనే. రా, కూర్చో, వద్దు, అన్నం తిన్నావా – భోగికి ఇవన్నీ వచ్చు. మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే మా అమ్మాయి, కుక్క మాట వినాలంటే తెలుగులో చెప్పాలి కనుక చచ్చినట్టు తెలుగు మాట్లాడేది. మన సంఘం ఆదివారం బడి పంతుళ్ళు నన్ను క్షమించాలి!

మన సామెతలు చూస్తే కుక్కమీద మనకు గౌరవం ఉన్నట్టు కనపడదు. కుక్క తోక వంకర అంటాం, కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటాం. కాని మన భారతం సంగతి చూడండి. నన్నయగారి ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవశునకం వస్తుంది. తన బిడ్డను నిష్కారణంగా కొట్టారని జనమేజయ మహారాజును నిలదీసి అడుగుతుంది. చివరికి వస్తే, తిక్కనగారి మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచిపెట్టి స్వర్గానికి రానంటాడు. అంత పెద్ద గ్రంథంలో మొదటా కుక్కకు న్యాయమే, చివరా కుక్కకు న్యాయమే. వైశ్వదేవం చేసే ఇళ్ళలో కాకితోపాటు కుక్కకూ ముద్ద తీసి పెట్టేవారు. మా అత్తగారు ఆ ముద్దను మిషిగన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. తాలింపు లేని చప్పటి పెరుగన్నం.

ఇక అసలు సంగతికి వస్తాను. 2008 చివర మావారి ఉద్యోగం పోయింది. ఆ రోజులు ఇక్కడున్నవారికి నేను చెప్పనక్కరలేదు. 2009లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ రెండూ దివాలా కోర్టుకెక్కాయి. ఆ ఏడు మన రాష్ట్రంలో నిరుద్యోగం దాదాపు 14 శాతానికి చేరింది. అబ్బాయి కాలేజీలో, అమ్మాయి హైస్కూల్లో. నా జీతంమీద ఇల్లు గడిచింది. తిండికి లోటు లేదు. లోటల్లా మనిషి మాటకే వచ్చింది. "ఎక్కడ పని?" అని అడుగుతారేమోనని ఆయన తెలుగువాళ్ళ ఇళ్ళకు రావటం మానేశారు. ఆ ఏడు ఉగాదికీ రాలేదు, దీపావళికీ రాలేదు. అడిగేవారిలో చెడ్డవారెవరూ లేరు. అది మన అలవాటు, అంతే. కాని ఇంట్లో కూర్చున్నవాడికి ఆ ప్రశ్న గునపంలా తగులుతుంది.

నేను రాత్రి డ్యూటీ చేసి పొద్దున్న ఏడున్నరకు వచ్చేదాన్ని. ఆయన ఆ వేళకు లేచి, గడ్డం గీసుకుని, బూట్లు వేసుకుని, భోగితో బయటికి వెళ్తూ ఎదురొచ్చేవారు. ఆ రోజుల్లో ఆయన్ని లేవమని నేను చెప్పినా, వాళ్ళమ్మ చెప్పినా వినే స్థితిలో లేరు. భోగి మాత్రం మంచం పక్కన నిలబడి మొహంలోకి చూసేది. దానికి రిసెషన్ తెలియదు. బయట గడ్డకట్టే చలి ఉన్నా సరే, వాన పడినా సరే, రోజుకు రెండుసార్లు బయటికి పోవాలి. 2015లో జపాను శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రచురించారు. కుక్కా యజమానీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరి శరీరాల్లోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుందట. తల్లికీ పసిబిడ్డకూ మధ్య ప్రేమను పెంచే హార్మోను అదే. లాబొరేటరీ మనిషిని కాబట్టి అది చదివి సంతోషించాను. కాని మా ఇంట్లో ఆ పరీక్ష ఫలితం అంతకు ఆరేళ్ళ ముందే వచ్చింది.

మా వీధిలో పాతికేళ్ళుగా ఉంటూ ముఖపరిచయం మాత్రమే ఉన్నవారంతా ఆ ఏడాదిలో స్నేహితులయ్యారు. కుక్కను తిప్పేవారు ఒకరినొకరు ఎక్కడ పని అని అడగరు. నీ కుక్క వయసెంత, కాలు నొప్పి తగ్గిందా అని అడుగుతారు. అలా కలిసిన ఒక ముసలాయన, రిటైరైన మెషిన్ షాపు పనివాడు, ఒకరోజు తనంతట తానే "మన ఊరి నీటి సరఫరా విభాగంలో పంపులు చూసే ఇంజనీరు కావాలట" అని చెప్పాడు. మావారు దరఖాస్తు పెట్టారు. పద్నాలుగు నెలల తరవాత ఉద్యోగం దొరికింది, జీతం మునుపటికంటే తక్కువే. ఆ ఉద్యోగం కుక్క తెచ్చిందని నేను అనను. మనిషిని గుమ్మం దాటించింది మాత్రం అదే.

పెద్ద కుక్కలకు ఆయుర్దాయం పది పన్నెండేళ్ళు. భోగి పదమూడో ఏట, 2019లో, కాళ్ళు పడిపోయి, మూత్రపిండాలు చెడి, తిండి మానేసింది. బాధ పడకుండా నిద్రపుచ్చటం మంచిదని పశువైద్యురాలు చెప్పింది. మనకు ఈ మాట వినటమే కష్టం. ప్రాణం పోసినవాడే తియ్యాలి అని పెరిగినవాళ్ళం. మావారు వద్దన్నారు. నేను రక్త పరీక్ష కాగితాలు చూసి, ఇక కోలుకోదన్నాను. మూడు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. చివరికి మా అత్తగారు అన్నారు: "అది నోరు లేని జీవం. దాని బాధ మనం చూడలేకపోవటం వేరు, అది పడలేకపోవటం వేరు. ఏది నిజమో చూసి చెయ్యండి." ఆ మాటతో నిర్ణయమైంది. ఇచ్చే మందు ఎలా పనిచేస్తుందో పిల్లలకు చెప్పాను. ముందు మెదడు నిద్రలోకి పోతుంది, ఆ తరవాతే గుండె ఆగుతుంది, నొప్పి తెలియదు. డాక్టరు మా ఇంటికే వచ్చింది. అబ్బాయి సియాటిల్ నుంచీ, అమ్మాయి చికాగో నుంచీ వచ్చారు. అత్తగారు ముగ్గు గీత దాటి వచ్చి, దాని నోట్లో తులసి నీళ్ళు పోశారు. ఏ పండగా లేకుండా మేమందరం ఒకచోట కూర్చోవటం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. ఆ రాత్రి మా అబ్బాయి, వాళ్ళ నాన్న ఉద్యోగం పోయినప్పుడు తాను కాలేజీలో ఎంత భయపడ్డాడో మొట్టమొదటిసారి చెప్పాడు.

కుక్కను పెంచాలనుకునేవారికి నా అనుభవంలో నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, పిల్లలు అడిగారని తెచ్చుకోకండి. పిల్లలు కాలేజీకి పోతారు, కుక్క మీ దగ్గరే ఉంటుంది. పన్నెండేళ్ళ బాధ్యత అనుకుంటేనే తెచ్చుకోండి. టీకాలు, దోమకాటువల్ల వచ్చే గుండె పురుగులకు నెలనెలా మాత్రలు, మీరు ఇండియా వెళ్ళినప్పుడు దాన్ని ఉంచే చోటు – వీటన్నిటికీ డబ్బు లెక్క వేసుకోండి.

రెండవది, మన వంట. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. చాక్లెట్ విషం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ ప్రాణాంతకం. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను చెడగొడతాయి. దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని, చింతపండు తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చిందని పశువైద్యులు 2022లో ప్రచురించారు. కాబట్టి ప్రేమకొద్దీ పులిహోరా, కిస్‌మిస్ వేసిన పరమాన్నమూ పెట్టకండి.

మూడవది, ఇండియా ప్రయాణం. అమెరికాలో కుక్కలనుంచి కుక్కలకు వ్యాపించే రేబిస్ రకం లేదని 2007లో ప్రకటించారు. మన దేశంలో ఆ జబ్బు ఇంకా ఉంది. అక్కడ మీ పిల్లలను కుక్క కరిస్తే, గీరినా సరే, వెంటనే సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లక్షణాలు కనపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అక్కడినుంచి కుక్కను తేవాలనుకునేవారు, 2024 ఆగస్టు 1 నుంచి ఇక్కడ నిబంధనలు కఠినమయ్యాయని గుర్తుంచుకోండి. ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, రేబిస్ టీకా కాగితాలు సరిగా ఉండాలి.

నాలుగవది మన సంఘానికి విన్నపం. ఊరికి వెళ్ళినప్పుడు ఒకరి కుక్కను ఒకరు చూసుకునేలా ఒక జాబితా పెట్టుకుందాం. అలాగే ఉద్యోగం పోయినవారికి గుట్టుగా ఫోను చేసి మాట్లాడే పెద్దలు ఇద్దరు ముగ్గురిని ఏర్పాటు చేసుకుందాం. ఈ రెండో పని మొదటిదానికంటే అవసరం.

మా అత్తగారికి ఇప్పుడు తొంభై దాటాయి. మావారూ రిటైరయ్యారు. ఆర్నెల్ల కిందట మా అమ్మాయి ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. దానితో తెలుగులోనే మాట్లాడుతోంది.

ఇక్కడున్న మనలో ఈ ఏడు పని లేనివారు కొందరుంటారు. ఆ మాట చెప్పలేక రానివారు ఇంకా కొందరుంటారు. భోజనాల దగ్గర కలిసినప్పుడు "ఎక్కడ పని?" అన్న ప్రశ్న కాస్త వెనక్కి పెట్టి, "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడండి.