ఈనిన మేక కూడా బాలింతే

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



థింసా గురించి, భాష గురించి ఇంత మంచి మాటలు విన్నాక వీడు మేకల గురించి మొదలెట్టాడేంటి అనుకుంటారు. పాతికేళ్లుగా ఈ కొండల్లో పశువుల వైద్యం పనిలోనే తిరుగుతున్నాను, నాకు తెలిసిందే చెప్తాను. మన ఇళ్లలో డబ్బు బ్యాంకులో ఉండదు. మందలో ఉంటుంది. మీ కాలేజీ ఫీజు, అమ్మ ఆసుపత్రి ఖర్చు, జాతర మొక్కు, అన్నీ అందులోంచే. ఆ మందని చూసేది ఎవరు? అవ్వ, తాత. అవ్వ సంతకి వెళ్లిన రోజే మేక ఈనితే ఇంట్లో ఉండేది మీరే. అందుకే ఇది మీకు చెప్తున్నాను.

మేక ఈనగానే మనం ఏం చేస్తాం? ఎన్ని పిల్లలు, ఆడదా పోతా అని చూస్తాం. పిల్లని తుడిచి ఎత్తుకుంటాం, ఫోన్‌లో ఫొటో తీస్తాం. తల్లి మూలన నిలబడి ఉంటుంది, దాని వైపు ఎవరూ చూడరు. మనింట్లో ఆడపడుచు పురుడు పోసుకుంటే ఇలాగే వదిలేస్తామా? వేడినీళ్లు, వేడి తిండి, గాలి తగలని గది ఇస్తాం. మేకకి కావలసిందీ అదే.

ముందుగా నీళ్లు. ఈనేటప్పుడు దాని ఒంట్లోంచి చాలా నీరు పోతుంది. గోరువెచ్చని నీళ్లలో చిన్న బెల్లంముక్క, చిటికెడు ఉప్పు వేసి పెడితే ఎలా తాగుతుందో చూడండి. పలచటి చోడి అంబలి కూడా మంచిదే. కానీ ప్రేమ ఎక్కువై మొదటిరోజే అన్నం, పిండి గిన్నెలతో పెట్టకండి. పొట్ట పులిసి, మేత మానేసి పడిపోతుంది. పనస, మర్రి, రావి కొమ్మలు కొట్టి వేలాడదీయండి, దానికి అవే విందు. గింజలు నాలుగో రోజు నుంచి గుప్పెడుతో మొదలెట్టి, రెండు పిల్లలున్న తల్లికి మెల్లగా రోజుకి పావుకిలో దాకా తీసుకెళ్లొచ్చు.

ఇక అసలు సంగతి, మాయ. ఎన్నో ఊళ్లలో ఒక అలవాటు చూశాను. మాయ పడేదాకా పిల్లని చన్ను పట్టనివ్వరు. పాలు తాగితే మాయ లోపలే ఉండిపోతుందని భయం. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. పిల్ల చన్ను లాగితే తల్లి ఒంట్లో ఒక హార్మోను ఊరుతుంది, దానితో గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడుతుంది. అంటే పిల్ల తాగడమే తల్లికి మందు. పిల్లకీ అంతే. జున్నుపాలలో ఉన్న రోగనిరోధక శక్తిని దాని పేగులు మొదటి గంటల్లోనే బాగా పీల్చుకుంటాయి. ఒక రోజు గడిస్తే ఇక పట్టవు. రెండు కిలోల పిల్లకి మొదటిరోజు మొత్తం మీద పావులీటరు దగ్గర పడాలి. జున్ను మీద ఆశ నాకూ ఉంది, కానీ పిల్లల కడుపు నిండాకే మన గిన్నె.

చన్ను పట్టించేముందు పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి, రెండు చన్నులూ ఒకసారి పిండండి. కొనలో మైనంలాంటి బిరడా ఉంటుంది, అది పోతే ధార వస్తుంది.

మాయ సాధారణంగా కొన్ని గంటల్లో పడిపోతుంది. పన్నెండు గంటలు దాటినా వేలాడుతుంటే డాక్టరుకి చెప్పాలి. చేత్తో లాగకూడదు. దానికి రాయి, చెప్పు కట్టకూడదు. మా పక్క ఊళ్లో ఒకింట్లో పోయిన వానాకాలం అలాగే రాయి కట్టారు. మాయ సగం తెగి సగం లోపల కుళ్లింది. నాలుగోరోజు తల్లి పోయింది, పాలు లేక వారం తిరక్కుండా రెండు పిల్లలూ పోయాయి. కూతురి నర్సింగు ఫీజుకని ఉంచుకున్న మేక అది.

పడిన మాయని కుక్కలకి వదలకుండా లోతుగా పాతిపెట్టండి. ఉత్త చేతులతో ముట్టొద్దు. మేకల నుంచి మనుషులకి అంటే రోగాలున్నాయి, చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి. కడుపుతో ఉన్న వదినలు, అక్కలు ఈ పనికి దూరంగా ఉండాలి. పాలు కాచకుండా తాగొద్దు.

తర్వాత పది రోజులూ పొద్దున్నే ఒక చూపు చాలు. కొద్దికొద్దిగా ఎర్రగా, గోధుమరంగుగా మైల పోవడం మామూలే, రెండు వారాలైనా పోవచ్చు. కుళ్లు వాసన వస్తే మామూలు కాదు. పొదుగు ఒకవైపు వేడిగా, గట్టిగా ఉందా? పాలు విరిగినట్టు, నెత్తురు చారతో వస్తున్నాయా? పిల్లల్ని తన్నేస్తోందా? నెమరు ఆపేసిందా? జ్వరం 104 ఫారెన్‌హీట్ దాటిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం నంబరు అది. మనకి సిగ్నలే బాధ, నిజమే. సెల్ఫీకి ఏ గుట్ట ఎక్కాలో తెలిసినవాళ్లకి దీనికీ తెలుస్తుంది. మందులషాపులో అడిగి తెచ్చిన ఇంజెక్షను మాత్రం సొంతంగా పొడవకండి.

పడుకునే చోటు పొడిగా ఉండాలి. వానాకాలంలో తడినేల మీద పొదుగు ఆనితే వాపు రావడానికి ఇంకేం అక్కర్లేదు. కర్రలతో ఎత్తుగా మంచె వేయండి, లేదంటే బూడిద చల్లి ఎండుగడ్డి పరవండి. మూడు నాలుగు రోజులు ఇంటి దగ్గరే మేపండి, మందతో కొండెక్కించకండి.

టీకా మాట కూడా. చిటుకరోగం టీకా చూడి మేకకి ఈనడానికి నెలా నెలన్నర ముందు వేయిస్తే ఆ రక్షణ జున్నుపాలతో పిల్లలకీ వస్తుంది. మేక చూడి ఐదు నెలలు కాబట్టి పోతు దాటిన రోజు గోడ మీద బొగ్గుతో రాసిపెట్టండి, లెక్క తప్పదు.

మీ ఇంట్లో ఇప్పుడు చూడి మేకలున్నవాళ్లు భోజనాలయ్యాక ఆ చింతచెట్టు కింద ఉండండి. టింక్చర్ అయోడిన్ చిన్న సీసాలు కొన్ని తెచ్చాను. పిల్ల బొడ్డుని అందులో ఎలా ముంచాలో, తల్లి పొదుగు ఎలా పట్టి చూడాలో నా మేకతోనే చూపిస్తాను, బయట కట్టేసి ఉంది.