ఏటియొడ్డున విడిది



గత కార్తికమాసమున నయాపూలు చెంతనుండి సకుటుంబముగా మూసీ జన్మస్థానమగు అనంతగిరి యడవికిఁ బోయి, ఉసిరిచెట్టు నీడ వండుకొని గుడారము వేసికొంటిమి. మా వంతెనక్రింద మురుగై పాఱు నీరే యచట నెంత తేటగా నున్నది!

మనుమఁడు ఇసుకమీఁదనే పండుకొందమనెను. నేను మెట్టకే రమ్మంటిని. వాఁడలిగి యన్నము ముట్టలేదు. అంతట నెగడికడఁ గూర్చుండఁబెట్టి చెప్పితిని: 1908 సెప్టెంబరు 28వ తేదీని ఈ యేఱే పొంగి నగరమున వేలాది ప్రాణములఁ గొన్నది. అఫ్జల్‌గంజిలో నొక చింతచెట్టునెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నేఁటికిని గలదు.

ఆ రాత్రి కొండపై అకాలవర్షము గురిసెను. తెల్లవాఱునప్పటికి ఇసుకతిన్నె లేదు. మనుమఁడు చాలసేపు నీటివంకఁ జూచి, "తాతయ్యా, ఆ చింతచెట్టు చూపవా?" అనెను. ఇల్లు చేరిన మఱునాఁడే వంతెన దాటించి తీసికొనిపోయితిని.