అమెరికా కోర్టులో అగ్రకులం సాక్ష్యం
(కార్యకర్తల తరగతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



అప్పీలు అంటే ఏందో మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. చుండూరు నేర్పింది. 1991లో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. కింది కోర్టులో గెలిస్తే కేసు అయిపోయినట్టు కాదని మనం ఆ దెబ్బతో తెలుసుకున్నాం.

ఇవాళ మన వాడల నుంచి కూడా పిల్లలు అమెరికా పోతున్నారు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం అనే మాటలు మన అరుగుల మీద కూడా వినబడుతున్నాయి. అందుకే అక్కడి అప్పీలు కేసు ఒకటి చెప్పుకుందాం. నూరేళ్ల కిందటిది. కానీ దాని నిండా ఉన్నది మన దేశపు కులమే.

భగత్ సింగ్ థింద్ పంజాబు సిక్కు. 1913లో అమెరికా పోయాడు. ఆరెగాన్‌లో కలప మిల్లులో పనిచేశాడు. 1918లో అమెరికా సైన్యంలో చేరాడు. పౌరసత్వం అడిగాడు. 1790 నాటి చట్టం అడ్డమొచ్చింది. దాని ప్రకారం పౌరసత్వం 'స్వేచ్ఛగల తెల్లవాళ్ల'కే. 1870లో ఆఫ్రికా సంతతికి కూడా ఇచ్చారు. ఆసియా వాళ్లకు మాత్రం తలుపు తీయలేదు.

థింద్‌కు 1918లో పౌరసత్వం ఇచ్చి కొద్ది రోజులకే లాక్కున్నారు. 1920లో ఆరెగాన్‌లోని ఫెడరల్ కోర్టు మళ్లీ ఇచ్చింది. దాన్ని రద్దు చేయమని ప్రభుత్వం కేసు వేసింది. కోర్టు కొట్టేసింది. ప్రభుత్వం అప్పీలుకు పోయింది.

ఇక్కడ జాగ్రత్తగా వినాలె. అప్పీలు కోర్టు తాను తీర్పు చెప్పకుండా సుప్రీంకోర్టుకు రెండు ప్రశ్నలు రాసి పంపింది. రెండోది 1917 వలస చట్టం గురించి. అసలుది మొదటిది: అమృతసర్‌లో పుట్టిన, పూర్తి భారతీయ రక్తం గల అగ్రకుల హిందువు తెల్లవాడా, కాదా? ఆ రోజుల్లో అక్కడ మన దేశం వాళ్లందర్నీ హిందువులనే అనేవాళ్లు. ఇంకేముంది? సిక్కు పోయాడు, మిల్లు కూలీ పోయాడు, సైనికుడు పోయాడు. కాగితం మీద అగ్రకుల హిందువు ఒక్కడే మిగిలాడు. అప్పీలులో మనిషి కన్నా ప్రశ్న పెద్దదవుతుంది.

థింద్ తరఫు వాదన ఏమిటి? మేం ఆర్యులం, మీ జాతి వాళ్లమే. మా అగ్రకులాలు కింది వాళ్లతో పెళ్లి సంబంధాలు కలుపుకోవు. మీరు నల్లవాళ్లను దూరం పెట్టినట్టే మేమూ ఈ దేశపు మూలవాసులను దూరం పెడతాం. వాదన సారం ఇది! మనల్ని దూరం పెట్టడాన్నే తెల్లోడి ముందు అర్హతగా చూపించారు.

అదే 1913లో అంబేద్కర్ న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీకి చేరాడు. తన కులంలోనే పెళ్లి అనే కట్టుబాటే కులానికి వేరు అని 1916లో అక్కడే ఒక వ్యాసంలో నిరూపించాడు. ఆయన రోగం అని పట్టుకున్నదాన్నే వీళ్లు కొన్నేళ్లకు సర్టిఫికెట్‌గా పట్టుకుపోయారు.

1923 ఫిబ్రవరి 19న తీర్పొచ్చింది. జడ్జి సదర్లాండ్ రాశాడు. జడ్జీలందరిదీ ఒకటే మాట. మూడు నెలల ముందు ఒజావా అనే జపాను మనిషి కేసులో తెల్లవాడంటే కకేషియన్ జాతివాడు అన్న కోర్టే, ఇప్పుడు జాతి శాస్త్రం పక్కన పెట్టండి, మామూలు తెల్లవాడు ఎవర్ని తెల్లవాడంటాడో అదే లెక్క అన్నది. కులం కట్టుబాట్లు కూడా రక్తం కలవకుండా పూర్తిగా ఆపలేదు పొమ్మన్నది.

కేసు ఒక్కడిది, దెబ్బ అందరికీ. డజన్ల మంది భారతీయుల పౌరసత్వం రద్దుకు ప్రభుత్వం దిగింది. పౌరసత్వానికి అర్హత లేనివాడికి కాలిఫోర్నియాలో భూమి కొనే హక్కు లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకునే వైష్ణో దాస్ బగాయి పౌరసత్వం పోగొట్టుకుని 1928లో ప్రాణం తీసుకున్నాడు. మాజీ సైనికుల కోసం 1935లో చేసిన చట్టంతో థింద్‌కు 1936లో పౌరసత్వం దక్కింది. మిగతా భారతీయులకు 1946 చట్టం దాకా దారి లేదు. జాతి షరతు మొత్తంగా పోయింది 1952లో. అంటే తలుపు తెరిచింది కోర్టు కాదు, మారిన చట్టం.

మన పిల్లల కేసు ఎక్కడైనా అప్పీలులో ఉంటే మూడు సంగతులు అడగండి. కింది కోర్టు ఉత్తర్వు ఇప్పుడు అమల్లో ఉందా, ఆగిందా? గడువు ఎప్పటిదాకా? పైకోర్టు ముందున్న ప్రశ్న ఏది? అప్పీలులో మామూలుగా కొత్త సాక్ష్యం తీసుకోరు. కాబట్టి చెప్పాల్సింది మొదటి కోర్టులోనే రికార్డు చేయించాలె.

ఇంకో మాట. థింద్ వైపు వాదన ఆ చట్టమే అన్యాయం అనలేదు. ఆ చట్టంలో నాకు చోటివ్వండి అన్నది. పైవాడి పక్కన కుర్చీ అడిగినవాడికి కుర్చీ రాలేదు, కింద కూర్చున్నవాళ్ల పరువూ పోయింది. ఆ తీర్పుకు నూరేళ్లు నిండిన రెండో రోజున, 2023 ఫిబ్రవరి 21న, సియాటిల్ నగర సభ కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ నిషేధం కావాలని అడిగినవాళ్లు ఎవరి కన్నా మేం పైవాళ్లం అనలేదు. అందరం సమానం అన్నారు. మనం కూడా ఏ కోర్టు మెట్లెక్కినా ఆ మాటతోనే ఎక్కుదాం.

జై భీమ్!