మూడో సాక్షి



పట్టభద్రులారా, మతం వెనకటి కాలానిదనీ, దాన్ని వదిలించుకోవడమే అభ్యుదయమనీ చదువుకున్నవాళ్లు చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం పంతులు గారు ఆస్తికులు. శాస్త్రాలే ఆధారంగా వాదించారు. వెలివేస్తామని బెదిరించినవాళ్లూ శాస్త్రాలే చూపించారు. దేవుడే లేడన్న గోరా గారు తన పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి 1948లో సేవాగ్రాంలో పెళ్లి చేశారు. ఆ పెళ్లిలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు తలచుకోవడానికి ఒప్పుకున్న గాంధీజీ అప్పటికి లేరు. భక్తుడైన గాంధీ, నాస్తికుడైన గోరా ఒకే పెళ్లికి పెద్దలు కావాలనుకున్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మరి లౌకికవాదం వల్ల ఒరిగిందేమిటంటారా? చాలా ఒరిగింది. 1872 నాటి చట్టం కింద ఒక హిందువు, ఒక ముస్లిం పెళ్లాడాలంటే మాకు ఈ మతాలేవీ లేవని ఇద్దరూ ప్రకటించాల్సి వచ్చేది. ప్రేమించిన మనిషి కోసం నమ్మిన దేవుణ్ణి కాదనాలి, లేదా ఇద్దరిలో ఒకరు మతం మారాలి. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఆ షరతు ఎత్తేసింది. ఆ అమ్మాయి నమాజు చేసుకుంటూనే, ఆ అబ్బాయి తిరుమల మెట్లెక్కుతూనే భార్యాభర్తలు కావచ్చు. నా దృష్టిలో పురోగతి అంటే ఇదీ. అంతేగానీ మతాన్ని బలవంతంగా ఊడబెరకడం కాదు. అలా చేయాలని చూసిన స్టాలిన్ ప్రభుత్వం 1931లో మాస్కోలో మహాచర్చిని పేల్చేసింది. అదే చోట దాన్ని మళ్లీ కట్టుకున్నారు.

అయితే మన ప్రత్యేక వివాహ చట్టంలోనూ ఒక ముల్లు మిగిలింది. పెళ్లికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వధూవరుల పేర్లు, చిరునామాలు ఉన్న ఆ కాగితాన్ని వివాహ అధికారి కార్యాలయంలో నలుగురికీ కనబడేలా అంటిస్తారు. అభ్యంతరాలు వినడానికి పెట్టిన గడువది. అమ్మాయిని ఇంట్లో నిర్బంధించడానికీ, అబ్బాయిని కొట్టించడానికీ కూడా ఆ గడువు చాలు. న్యాయశాస్త్రం చదివినవాళ్లు దీన్ని మార్పించే పని తలకెత్తుకోవాలని వేడుకుంటున్నాను.

మిగతావారికీ ఒక పని ఉంది. ఈ చట్టం కింద జరిగే పెళ్లికి ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. ఇంట్లోవాళ్లు రారు. స్నేహితుల్లో ఇద్దరు దొరుకుతారు, మూడోవాళ్లు ఊళ్లోవాళ్లకు భయపడి వెనక్కి తగ్గుతారు. అప్పుడు ఫోను మీకొస్తుంది. ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని వెళ్లండి.